మోటారు పెట్టిన మరుగుదొడ్డి (ఇల్లూ కులమూ – 6వ భాగం)



ఈ సిరీస్‌లో ఇప్పటిదాకా గడప గురించి, బావి గురించి, వంటగది గురించి రాశాను. ఈసారి మరుగుదొడ్డి గురించి. మొహం తిప్పుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు, నాకేం కోపం లేదు. మొహం తిప్పుకోవడం కూడా ఈ చరిత్రలో భాగమే.

మేం ఇంగ్లండులో, లీడ్స్ నగరంలో ఒక పాత ఇల్లు కొంటున్నాం. ఇక్కడ ఇల్లు కొనేముందు సర్వేయరు వచ్చి అంతా చూసి రిపోర్టు ఇస్తాడు. గోడల్లో తేమ, కప్పు పెంకులు, వైరింగు అన్నీ రాసి, సెల్లారులో ఉన్న బాత్రూం దగ్గర మాత్రం అక్కడున్నది మాసరేటర్ టాయిలెట్ అనీ, కొనేవాళ్ళు గమనించాలనీ ఒక ముక్క రాశాడు. గమనించమన్నాడు కదా, గమనించాను. రెండు నెలలుగా నా చదువంతా ఆ ఒక్క ముక్క చుట్టూనే తిరిగింది.

మామూలు కమోడ్‌కి దాదాపు నాలుగంగుళాల పైపు కావాలి, ఆ పైపుకి వాలు కావాలి. మలం తనంతట తాను కిందికి జారి వీధిలోని మురుగు పైపులో కలవాలి. టాయిలెట్ ఆ వీధి పైపు కన్నా కిందున్నా, పైపుకి మరీ దూరంగా ఉన్నా ఆ పని జరగదు. అలాంటి చోట కమోడ్ వెనకాల ఒక తెల్లటి ప్లాస్టిక్ పెట్టె పెడతారు. ఫ్లష్ చేస్తే అంతా ఆ పెట్టెలోకి పోతుంది. నీటి మట్టం పెరగగానే లోపలి ప్రెషర్ స్విచ్ పడి మోటారు తిరుగుతుంది. బ్లేడ్లు మలాన్నీ, కాగితాన్నీ మెత్తగా నలగ్గొడతాయి. తర్వాత పంపు ఆ నీళ్ళని 22 లేదా 32 మిల్లీమీటర్ల సన్న పైపులోంచి పైకి నెట్టి పెద్ద పైపులో కలుపుతుంది. ఒకసారి నెట్టింది వెనక్కి రాకుండా ఒక వాల్వు ఉంటుంది. పక్కగదిలో ఎవరో కొబ్బరి పచ్చడికి మిక్సీ వేసినట్టు పది పదిహేను సెకన్ల చప్పుడు. ఇంతే సంగతి.

దీన్ని 1958లో ఫ్రాన్స్‌లో కనిపెట్టారు. పారిస్‌లో పాత భవంతులు చూస్తే ఇది ఎందుకు అక్కరకొచ్చిందో తెలుస్తుంది. ఐదారంతస్తుల భవంతిలో కింది అంతస్తులన్నీ దొరలవి. అందరికన్నా పైన, కప్పు వాలు కింద, పనిమనుషుల గదులు. వరసగా ఇరుకు గదులు, చివర అందరికీ కలిపి ఒక మరుగుదొడ్డి. కట్టినవాడు పనిమనిషి గదిలోకి నాలుగంగుళాల పైపు వేయలేదు. తరాల తర్వాత ఆ గదులు చదువుకునే పిల్లలకీ, పేదవాళ్ళకీ అద్దె గదులయ్యాయి. అక్కడ టాయిలెట్ పెట్టాలంటే గోడలూ నేలా పగలగొట్టాలి, లేదంటే సన్న పైపుతో పనిచేసే మిషన్ ఉండాలి. పైపు వేయడం దండగ అని ఒకప్పుడు అనుకున్న మనుషుల గదుల్లోకి టాయిలెట్ మోటారు సాయంతో వచ్చింది.

లీడ్స్‌లో కథ ఇంకోలా ఉంటుంది. ఇక్కడి కూలీల ఇళ్ళకి బ్యాక్ టు బ్యాక్ అని పేరు. ఒక ఇంటి వెనక గోడే ఇంకో ఇంటి వెనక గోడ. మూడు వైపులా పొరుగువాళ్ళ గోడలు, ఒక్క ముందు వైపే తలుపూ కిటికీలూ. బట్టల మిల్లుల్లో పనిచేసేవాళ్ళని కొద్ది స్థలంలో కుక్కడానికి కట్టినవి. 1909లో బ్రిటిష్ ప్రభుత్వం ఇలాంటి ఇళ్ళు ఇక కట్టొద్దని చట్టం చేసినా, అప్పటికే మంజూరైన ప్లాన్లు చూపించి లీడ్స్‌లో 1937 దాకా కడుతూనే పోయారు. వేల ఇళ్ళు ఇంకా ఉన్నాయి, జనం కాపురం ఉంటున్నారు. మనకి ఇల్లంటే ముందు వీధరుగు, వెనక పెరడు, పెరటి చివర దొడ్డి. ఈ ఇంటికి వెనకే లేదు. మరి దొడ్డి ఎక్కడ? వరసలో కొన్ని ఇళ్ళకొకచోట చిన్న ఖాళీ వదిలి, అక్కడ ఉమ్మడి దొడ్లు కట్టారు. కొన్నిచోట్ల సెల్లారులో పెట్టారు. మా ఇంటి సెల్లారు బాత్రూం ఆ వంశానిదే.

ఆ ఉమ్మడి దొడ్ల కింద పోగైనదాన్ని మనుషులే ఎత్తేవాళ్ళు. ఈ సంగతి మన దగ్గర చాలామందికి తెలియదు. ఇంగ్లండు ముందునుంచీ ఫ్లష్ దేశమనుకుంటారు. లండన్‌లో సెస్‌పిట్లు ఖాళీ చేసేవాళ్ళని నైట్‌మెన్ అనేవాళ్ళు, రాత్రిపూట మాత్రమే పని. పెంటని బండ్లకెత్తి ఊరిబయట ఎరువుగా అమ్మేవాళ్ళు. రోచ్‌డేల్, మాంచెస్టర్ లాంటి పట్టణాల్లో దొడ్డి కింద బకెట్ పెట్టి, నిండిన బకెట్ తీసుకుపోయి ఖాళీది పెట్టే పద్ధతి చాలాకాలం నడిచింది. ఎత్తేవాళ్ళు లేనిచోట ఏమయ్యేదో లీడ్స్‌లోనే చూడొచ్చు. 1832లో కలరా వచ్చినప్పుడు కర్క్‌గేట్ దగ్గర బూట్ అండ్ షూ యార్డ్ అనే పేదల పేట నుంచి ఏళ్ళతరబడి ఎవరూ ముట్టని పెంటని 75 బండ్లకెత్తించారు. రాబర్ట్ బేకర్ అనే డాక్టరు ఊళ్ళో ఏయే వీధుల్లో కలరా పడిందో మ్యాపు గీసి రిపోర్టు రాశాడు. మురుగు కాలవ లేని వీధులూ, కలరా వీధులూ దాదాపు ఒకటే.

నైట్‌మెన్‌ని ఎవరూ పక్కన కూర్చోబెట్టుకోలేదు. అక్కడా అసహ్యం ఉంది, పేదరికం ఉంది. కానీ నైట్‌మన్ కొడుకు మిల్లుకి పోతానంటే ఆపే శాస్త్రం లేదు. అతని చేతి నీళ్ళు తాగితే స్నానం చేయాలన్న నియమం లేదు. పని నీచమైనదని అనుకున్నారు గానీ, ఆ పని చేయడానికే కొందరు పుట్టారని అనుకోలేదు. అందుకే కలరా భయం, కంపు, ఖర్చు, ఈ మూడూ కలిసి తరిమినప్పుడు వాళ్ళకి పైపు తప్ప దారి లేకపోయింది.

1858 వేసవిలో థేమ్స్ నది కంపుకి ఒడ్డునున్న పార్లమెంటు సభ్యులు కూర్చోలేకపోయారు. కిటికీ తెరలకి సున్నపు మందు పూయించుకున్నారు. జూలైలో బిల్లు తెచ్చి పరుగులమీద ఆమోదించారు. బజాల్జెట్ అనే ఇంజనీరు లండన్ కింద వందల మైళ్ళ మురుగు కాలవలు కట్టడానికి ఆ చట్టమే డబ్బిచ్చింది. అది చట్టమైన రోజు 1858 ఆగస్టు 2. అదే పార్లమెంటులో, అదే రోజున ఇంకో చట్టం కూడా అయింది. ఈస్టిండియా కంపెనీని తీసేసి ఇండియాని నేరుగా రాణి కిందికి తెచ్చిన చట్టం అది. లండన్ మలానికీ మన దేశానికీ ఒకేరోజు కొత్త ఏర్పాటు జరిగింది.

లండన్‌కి పైపులొచ్చాయి. మనకి మున్సిపాలిటీలొచ్చాయి. కలకత్తా, బొంబాయి లాంటి చోట్ల కొన్ని వీధుల కింద పైపులు పడ్డాయి, హైదరాబాదులో 1908 మూసీ వరదల తర్వాత విశ్వేశ్వరయ్య భూగర్భ డ్రైనేజీకి ప్రణాళిక గీశాడు. మిగతా పట్టణాల్లో దొర చేసిన ఏర్పాటు ఏమిటంటే, పాకీదొడ్డి, దానికొక మనిషి, ఆ మనిషికి జీతం. తెల్లదొరకి కులం ఒక పురాతన ఆచారం మాత్రమే కాదు, చౌకగా దొరికిన డ్రైనేజీ వ్యవస్థ. బొంబాయిలో చేత్తో ఎత్తించడానికి ఇంటిపన్నుతోపాటు హలాల్‌ఖోర్ పన్ను అని వసూలు చేశారు. బెంగళూరులో ఇళ్ళ వరసల మధ్య కన్సర్వెన్సీ లేన్లు అని ఇరుకు సందులు వదిలారు. మలం ఎత్తే మనిషి ముందు వీధిలో కనపడకుండా వెనకనుంచి వచ్చి వెనకనుంచి పోవడానికి. ఆ సందులు ఇప్పటికీ ఉన్నాయి. ఊరి ప్లానులోనే కులాన్ని గీతగా గీశారు.

కోస్తా మున్సిపాలిటీల్లో ఆ సందుల్లో నడిచింది ఎక్కువగా మా రెల్లివాళ్ళు. మా అమ్మమ్మ అలాంటి ఒక మున్సిపాలిటీలో పనిచేసింది. వెనక గోడకి అడుగున ఒక రేకు తలుపుండేది. అది ఎత్తి, లోపలున్నదాన్ని రేకుతో లాగి, బూడిద చల్లి, తట్టలో వేసుకునేది. ముప్పయ్యేళ్ళు ఎత్తిన ఇళ్ళలో ఒక్కదాని ముందుగది ఎలా ఉంటుందో ఆమెకి తెలియదు. ఇళ్ళన్నీ ఆమెకి వెనకనుంచే తెలుసు.

టెక్నాలజీ లేదు గనక అలా జరిగిందని చెప్పేవాళ్ళకి నేను కోలార్ బంగారు గనుల కథ చెప్తాను. ఈ భాగంలో అన్నిటికన్నా నిదానంగా చదవాల్సింది ఇదే.

కోలార్ గనుల్ని 1880ల నుంచీ నడిపింది జాన్ టేలర్ అండ్ సన్స్ అనే లండన్ కంపెనీ. 1902లో శివసముద్రం జలపాతం దగ్గర కరెంటు పుట్టించి, దాదాపు 90 మైళ్ళ దూరం తీగలు లాగి ఆ గనులకి ఇచ్చారు. అప్పటికి ఇండియాలో చాలా మహానగరాలకే కరెంటు సరిగ్గా లేదు. తర్వాతి రోజుల్లో గని మూడు కిలోమీటర్లకి పైగా లోతు పోయింది. అంత లోతునుంచి రాయిని పైకి లాగే మోటార్లున్నాయి, ఊటనీళ్ళని తోడే పంపులున్నాయి, కిందికి గాలి పంపే యంత్రాలున్నాయి. అదే ఊళ్ళో గని కార్మికుల లైన్లలో మాత్రం పాకీదొడ్లు. వాటిని చేత్తో, బకెట్లతో ఎత్తింది తెలుగు మాట్లాడే తోటి కులస్తులు. మాసరేటర్‌కి ఏమేం కావాలి? కరెంటు, మోటారు, పంపు, పైపు. నాలుగూ 1902 నుంచే ఆ ఊళ్ళో ఉన్నాయి. మూడు కిలోమీటర్ల లోతు నీళ్ళని ఎత్తగలిగిన పంపు, మూడడుగుల గుంటలోని మలాన్ని ఎత్తడానికి తొంభై ఏళ్ళపాటు పనికిరాలేదు.

దొరల కంపెనీ పోయింది, 1956లో మైసూరు ప్రభుత్వం తీసుకుంది, తర్వాత కేంద్రం తీసుకుంది. పాకీదొడ్డి మాత్రం ఎవరి చేతిలోకీ మారలేదు, తోటివాళ్ళ చేతిలోనే ఉంది. ఆ కుటుంబాల్లో ఒకదాంట్లో 1966లో పుట్టినవాడే బెజవాడ విల్సన్. 1980ల్లో ఆయన అధికారులకి ఉత్తరాలు రాస్తే, అసలు ఇక్కడ పాకీదొడ్లే లేవన్న ధోరణి. ఫోటోలు తీసి పత్రికలకెక్కించి, కోర్టుకీడుస్తామన్నాక, 1990ల మొదట్లో గాని ఆ దొడ్లు నీళ్ళ దొడ్లుగా మారలేదు. ఎత్తినవాళ్ళకి వేరే పనులిచ్చారు. కొద్దికాలానికే, 2001లో, గనులే మూతపడ్డాయి. విల్సన్, ఎస్.ఆర్. శంకరన్ లాంటి వాళ్ళు కలిసి నడిపిన సఫాయి కర్మచారి ఆందోళన్ మన తెలుగు జిల్లాల్లో గడ్డపారలతో పాకీదొడ్లు కూల్చిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది.

ఫ్రాన్స్‌లో మలాన్ని నలగ్గొట్టే మోటారు కనిపెట్టిన 1958లో మన దేశంలో ఏం జరుగుతోంది? మన దగ్గర కూడా ఇదే సమస్య మీద పెద్దమనుషులు కూర్చుని ఉన్నారు. 1957లో కేంద్రం ఎన్.ఆర్. మల్కానీ అనే గాంధేయవాది అధ్యక్షతన కమిటీ వేసింది. 1960లో రిపోర్టొచ్చింది. అంతకుముందే బొంబాయి రాష్ట్రంలో బార్వే కమిటీ చెప్పినదాన్ని ముందుకు తీసుకుపోతూ, తలమీద మోత ఆపాలనీ, అందుకు చక్రాల తోపుడుబండ్లు వాడాలనీ సూచనలు. ఆ బండ్లు కొనుక్కోడానికి మున్సిపాలిటీలకి కేంద్రం సాయం కూడా చేసింది. తోపుడుబండి చెడ్డదని నేననను. నెత్తిమీద కారే తట్ట కన్నా బండి నయమే, మా అమ్మమ్మ కూడా అదే అనేది. కానీ ఆ రెండు గదుల్లో అడిగిన ప్రశ్నలు చూడండి. ఒకచోట అడిగింది, పైపు పోని చోటికి టాయిలెట్ ఎలా తీసుకుపోవాలి అని. ఇంకోచోట అడిగింది, ఎత్తే మనిషికి ఎత్తడం ఎలా సుళువు చేయాలి అని. రెండో ప్రశ్నలో మనిషి ముందే ఖాయమైపోయాడు.

అదే మల్కానీ 1965లో ఇంకో కమిటీకి కూర్చోవలసి వచ్చింది, ఈసారి వాడుక హక్కుల మీద. చాలా ఊళ్ళలో ఫలానా ఇళ్ళ దొడ్డి ఎత్తే హక్కు ఫలానా కుటుంబానిదని వంశపారంపర్యంగా నడిచేది. దాన్ని అమ్మేవాళ్ళు, తాకట్టు పెట్టేవాళ్ళు, కట్నంగా ఇచ్చేవాళ్ళు. మున్సిపాలిటీ కూడా తలదూర్చలేని హక్కు. ఈ దేశం మనకి నిక్కచ్చిగా రాసిచ్చిన ఆస్తి హక్కు ఇదొక్కటేనేమో అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

ఇక చట్టాలకొద్దాం. ఇంగ్లండు బిల్డింగ్ నిబంధనల్లో టాయిలెట్ల గురించి ఒక పత్రముంది, అప్రూవ్డ్ డాక్యుమెంట్ జి అంటారు. మాసరేటర్ పెట్టుకోవచ్చు, అయితే అదే ఇంట్లో మోటారుతో పనిలేకుండా మామూలుగా కిందికి పారే టాయిలెట్ ఇంకొకటి అందుబాటులో ఉండాలని అందులో ఉంది. కారణం తేలిక. కరెంటు పోతే మోటారు తిరగదు. మోటారు కాలిపోవచ్చు. తడి వైప్సో, ప్యాడో, దారమో పడితే బ్లేడ్లు ఇరుక్కుపోతాయి. అప్పుడేంటి అన్న ప్రశ్నకి వాళ్ళ నిబంధన చెప్పే జవాబు, రెండో టాయిలెట్. మేం కొనే ఇంట్లో పైన ఒక చిన్న మామూలు టాయిలెట్ ఉంది, లాయరుతో అది రాతపూర్వకంగా ఖాయం చేయించుకున్నాకే ముందుకెళ్ళాం.

మన చట్టం చూడండి. 1993లో పాకీదొడ్లనీ, చేత్తో ఎత్తించడాన్నీ నిషేధిస్తూ మొదటి చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల తీర్మానాల మీద వచ్చిన చట్టమది, అయినా అమల్లోకి రావడానికి 1997 జనవరి పట్టింది. 2013లో ఇంకా గట్టి చట్టం వచ్చింది, డిసెంబరు 6న, బాబాసాహెబ్ వర్ధంతి రోజున, అమల్లోకి తెచ్చారు. ఆ చట్టంలో మాన్యువల్ స్కావెంజర్ ఎవరో చెప్పే చోట ఒక వివరణ ఉంది. తగిన పరికరాలతో, రక్షణ తొడుగులతో మలం శుభ్రం చేసే మనిషి మాన్యువల్ స్కావెంజర్ కిందికి రాడు. అంటే గ్లౌజులు తొడిగితే ఆ పని వేరే పనైపోతుంది. మిషన్ ఆగితే, పైపు పూడితే, గుంట నిండితే ఏంటి అన్న ప్రశ్నకి మన చట్టం దగ్గర ఉన్న జవాబు ఇంకా మనిషే, కాకపోతే గ్లౌజుల మనిషి. ఆ గ్లౌజులు కూడా లేకుండా మ్యాన్‌హోళ్ళలో దిగి చచ్చిపోయినవాళ్ళ కుటుంబాలకి 10 లక్షలివ్వాలని సుప్రీంకోర్టు 2014 మార్చి 27న చెప్పింది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. రేటు పెరిగింది, దిగడం ఆగలేదు.

వీడియో కాల్‌లో మా అమ్మకి ఈ పెట్టె చూపించాను. మోటారు, బ్లేడ్లు, పంపు అన్నీ ఓపిగ్గా విని, "సరేలేవే, అది పాడైపోతే ఎవులెత్తుతారు?" అంది. ఇంజనీర్లడగాల్సిన మొదటి ప్రశ్న అది. నేనూ అదే కనుక్కున్నాను. ఇక్కడ ప్లంబర్లలో చాలామంది మాసరేటర్ ముట్టం అని ఫోన్‌లోనే చెప్పేస్తారు. అలా చెప్పే హక్కు వాళ్ళకుంది, వాళ్ళ కులం పేరెత్తి ఎవరూ బెదిరించరు. ముట్టేవాళ్ళు దానికే వేరుగా రేటు పెట్టుకుంటారు, గుమ్మంలోకి వచ్చినందుకే వంద పౌండ్ల పైన అడుగుతారు. మామూలు కుళాయి పని కన్నా ఎక్కువ. మురికి పని గనక ఎక్కువ ఇవ్వాలి అన్న లెక్క ఇక్కడ ఎవరికీ వింతగా ఉండదు. మన ఊళ్ళో మురికి పని గనక తక్కువ ఇవ్వాలి. ఇది చెప్తే మా అమ్మ చాలాసేపు నవ్వింది. "అయితే మీ అమ్మమ్మ లక్షాధికారి అయ్యుండాల్సిందే" అంది.

ఇంగ్లండు స్వర్గమని రాస్తున్నానని ఎవరూ కామెంట్లలో దిగొద్దు. ఇక్కడి ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో టాయిలెట్లు కడిగే షిఫ్టుల్లో ఎవరి చర్మం ఏ రంగో నేను రోజూ చూస్తూనే ఉన్నాను. ఇక మన తెలుగువాళ్ళయితే కులాన్ని సూట్‌కేసులో మడతపెట్టి తెచ్చుకున్నారు. ఇళ్ళు వెతుక్కునే వాట్సాప్ గ్రూపుల్లో టాయిలెట్ ఈశాన్యంలో ఉందా, పూజగదికి ఆనుకుని ఉందా అన్న చర్చలు గంటలకొద్దీ నడుస్తాయి. ఒకాయన మాసరేటర్ గురించి తెలిసి తెగ సంబరపడ్డాడు. పైపు వాలుతో పనిలేదు గనక టాయిలెట్‌ని ఈశాన్యం నుంచి ఎక్కడికైనా జరుపుకోవచ్చట! పారిస్‌లో పనిమనుషుల గదులకి పనికొచ్చిన మిషన్ మనోడి చేతిలో వాస్తు దోష నివారణ యంత్రమైంది.

విద్యార్థి మిత్రులకి ఒక పని చెప్తాను. మీ ఊళ్ళో పాత మున్సిపాలిటీ వార్డుల్లో వెనక సందులు ఇంకా ఉంటే వెళ్ళి చూడండి. గోడ అడుగున ఇటుకలతో పూడ్చేసిన చదరపు కంత కనిపిస్తే అది రేకు తలుపున్న చోటే. ఆ సందులో నడిచిన ముసలివాళ్ళు ఇంకా బతికుంటే వాళ్ళతో మాట్లాడండి. ఏ ఇంటికి నెలకెంత ఇచ్చేవాళ్ళు, పండక్కి ఏం పెట్టేవాళ్ళు, బండి ఎప్పుడొచ్చింది, సెలవుందా, గర్భంతో ఉన్నప్పుడు ఎవరెత్తేవాళ్ళు, అన్నీ రాసుకోండి. పేర్లు వాళ్ళు ఒప్పుకుంటేనే రాయండి. మున్సిపల్ రికార్డుల్లో ఆ సందు కొలత ఉంటుంది, ఆ మనిషి ఉండదు.

వచ్చే భాగం రైలు పెట్టె గురించి. పట్టాల మీద పడినదాన్ని ఎవరెత్తారన్నది అందులో రాస్తాను.